మూడూ నాలుగూ నీవి

వర్క్‌షాపు నుంచి,
జూన్ 4

ఒరేయ్ బామ్మర్దీ,

ఆశీస్సులు. కవరు మీద నా దస్తూరీ చూసి ఎవరో పోయారనుకుని ఉంటావు. ఎవరూ పోలేదు. పోవాల్సిన మనిషి మూడేళ్ళ కిందటే పోయింది. మిగిలినవాణ్ణి నేనొక్కణ్ణే, నాకింకా పిలుపు రాలేదు.

మీ అక్క పోయిన రోజున నువ్వు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ నా మొహం వైపు చూశావు. నేను నీ చెప్పుల వైపు చూశాను. మన ఆఖరి సంభాషణ అదే. దానికి ముందు పదిహేనేళ్ళు ఆపాటిది కూడా లేదు. ఇప్పుడేం పుట్టి మునిగిందని రాస్తున్నాడీయన అంటావేమో. పుట్టి మునగలేదు గానీ షాపు మూసేస్తున్నాను. కళ్ళు సహకరించడం లేదు. టంకం బొట్టు ఒకచోట పెడితే ఇంకోచోట పడుతోంది. రేడియోలు బాగుచేయించుకునేవాళ్ళు ఎలాగూ లేరు.

సామానంతా పంచేశాను. మిగిలింది మన ఆసిలోస్కోపు. ఇద్దరం చెరోవైపు పట్టుకుని మెట్లెక్కిస్తుంటే మీ అక్క, "పెళ్ళయి నేనొచ్చినప్పుడు కూడా ఇంత జాగ్రత్తగా లోపలికి తేలేదు మీ బావ" అని దెప్పిందే, ఆ పెట్టె. శిక్షణ సంస్థలో పాఠాలు చెప్పే టీచరమ్మ ఒకావిడ వచ్చి చూసింది. కరెంటు అలని తెర మీద గీతలా చూపించే పెట్టె ఒకటి క్లాసులో ఉంటే బాగుంటుందట. ఊరికే తీసుకెళ్ళమన్నాను. "ఊరికే వద్దండీ, నాకో పని చేసిపెట్టండి. ఏ మీట ఎందుకో, ఏ సాకెట్టు ఎందుకో మీ చేత్తో చీటీలు రాసి అంటించండి" అంది.

రాయడం మొదలుపెట్టాను. ఒకటో ఛానెల్, రెండో ఛానెల్ నాకు కొట్టినపిండి. మూడో సాకెట్టు దగ్గరికొచ్చేసరికి కలం ఆగిపోయింది. మూడుకీ నాలుగుకీ పైన 'ఆక్స్' అని చెక్కి ఉంటుంది చూడు, ఆ రెండూ నేనెప్పుడూ ముట్టుకోలేదు. పెట్టెని కొన్నరోజే పంపకాలు చేశాను కదా: "ఒకటీ రెండూ నావి, మూడూ నాలుగూ నీవి" అని. ఇంట్లో పెద్దవాడు పెద్ద పీట వేసుకున్నట్టు. నీళ్ళ సంస్థ పంపులు పరీక్షించడానికి పంపుహౌసుకి తీసుకెళ్ళినా అంతే, మోటారు కరెంటు నా ఛానెళ్ళ మీద, బేరింగుల వణుకు నీ ఛానెళ్ళ మీద. సెకండ్‌హాండ్ సరుకు, పుస్తకం కూడా రాలేదు దానితో.

అంచేత, ఆరేళ్ళు వాటి మీద పనిచేసినవాడివి, అవి ఎలా ఉండేవో నాలుగు ముక్కలు రాసి పంపు. చీటీ మీద ఎక్కించుకుంటాను. ఆ పాత సంగతి నేనెత్తను, నువ్వూ ఎత్తకు. అన్నం సరిగా తింటున్నావా?

నీ బావ

*

జిరాక్స్ కొట్టు పైగది,
జూన్ 15

బావగారికి,

నమస్కారం. ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి ప్రేమ పొంగి కాదు, కొట్టులో ఆ పూట గిరాకీ లేక.

మీరడిగింది రాస్తున్నాను. మీ ఒకటో ఛానెల్ నాబ్ పది పన్నెండు మెట్లు తిరిగేది. నా మూడో ఛానెల్ నాబ్ మూడే మూడు మెట్లు తిరిగి ఆగిపోయేది. ఎందుకని ఒకసారి అడిగాను. "చిన్నవాళ్ళకి మూడు చాల్లే" అన్నారు. మీకు గుర్తుండకపోవచ్చు, నవ్వుతూ అన్నారు. నాలుగోదీ అంతే. పెద్ద సంకేతం పెడితే గీత ఎగిరి గంతేసేది. మామూలుగా మాత్రం తెర మీద అడ్డంగా తాడు కట్టినట్టు పడుకుని ఉండేది. "గీత కదిలితే సంకేతం ఉన్నట్టు, కదలకపోతే లేనట్టు, లేదని రాసి ముందుకు పద" అని మీరే నేర్పారు. అలాగే నమ్మాను. అలాగే సంతకాలు పెట్టాను.

ఇంతకంటే నాకు తెలీదు. పద్ధెనిమిదేళ్ళుగా నేను దేన్నీ కొలవలేదు. ఇక్కడ నా పని ఎవరో రాసింది ఉన్నదున్నట్టు ఇంకో కాగితం మీదికి దింపడం. అందులో తప్పుంటే రాసినవాడిది. ఈ ఉద్యోగంలో నాకు నచ్చింది అదొక్కటే.

అన్నం తింటున్నాను. కింద కొట్టు, పైన గది, మధ్యలో పదహారు మెట్లు. అవే నా ప్రయాణాలు.

మీ బామ్మర్ది

*

వర్క్‌షాపు నుంచి,
జూలై 2

ఒరేయ్ అబ్బాయ్,

నీ ఉత్తరం చదివితే ఇంటికొచ్చిన చుట్టాన్ని గుమ్మంలోనే నిలబెట్టి మంచినీళ్ళిచ్చి పంపినట్టుంది. పోనీలే, మంచినీళ్ళైనా ఇచ్చావు.

'మూడే మెట్లు' అని నువ్వు రాసిన ముక్క దగ్గర నేను ఇరుక్కుపోయాను. వెళ్ళి తిప్పి చూశాను. నిజమే, టక్, టక్, టక్, అంతే. నాలుగు రోజులు ఇదే పని పెట్టుకున్నాను. అలలు పుట్టించే డబ్బా ఒకటి మిగిలింది, దాంట్లోంచి చాలా చిన్న అల ఒకటి తీసి ముందు ఒకటో ఛానెల్‌కి పెట్టాను. తెర మీద ముచ్చటగా లేచింది, ఎత్తుపల్లాలన్నీ లెక్కపెట్టొచ్చు. కేబులు మార్చకుండా, డబ్బా కదపకుండా, అదే అల తీసుకెళ్ళి మూడోదానికి పెట్టాను. పడుకుంది. మళ్ళీ ఒకటికి తెచ్చాను, లేచింది. మూడుకి తీసుకెళ్ళాను, పడుకుంది.

మూడోది పాడైందనుకున్నాను. మూత విప్పి దుమ్ము దులిపాను, లోపలి విడిభాగాల కాళ్ళన్నీ తడిమి చూశాను. ఏమీ పాడవలేదు. అల సైజు బాగా పెంచి, అర వోల్టు దాకా తీసుకెళ్ళి పెడితే దర్జాగా ఆడింది. అప్పుడు నాకర్థమైందిరా. అది పుట్టడమే అలా పుట్టింది. మన ఒకటో ఛానెల్ కింది మెట్టు మీద తెరలో ఒక్కో గడికి రెండు మిల్లీవోల్టులు. మూడోదాని కింది మెట్టే ఒక్కో గడికి వంద. బస్తాలు తూచే కాటా మీద మిరియపు గింజ పెడితే ముల్లు కదుల్తుందా? గింజ లేదనా? ఉంది. కాటాకి తెలీదు.

ఇక్కడిదాకా రాసి లేచి మంచినీళ్ళు తాగొచ్చాను.

ఏం రాయబోయానో మరిచిపోయాను. టీచరమ్మ వచ్చేవారం వస్తుంది. ఇక్కడ ఎండలు తగ్గాయి. మీ అక్క కుట్టుమిషను ఎవరికైనా ఇద్దామనుకుని తుడిచి, మళ్ళీ గుడ్డ కప్పేశాను. ఉంటాను.

నీ బావ

*

జిరాక్స్ కొట్టు పైగది,
జూలై 20

బావా,

మీరు మరిచిపోయే మనిషి కాదు. నోట్లో నువ్వుగింజ నానని మీరు మధ్యలో లేచి మంచినీళ్ళు తాగారంటే ఏదో ఉంది.

కుట్టుమిషను ఎవరికీ ఇవ్వకండి. అక్క దాని ముందు కూర్చుంటే నేను చక్రం తిప్పేవాణ్ణి. మీరు అక్కని చూడ్డానికి వచ్చినరోజు కూడా తిప్పుతూనే ఉన్నాను, మీరు కాఫీ ఒలకబోసుకున్నారు. నాకు పదేళ్ళు. ఆరోజే మీరంటే నాకు ఇష్టమైంది, కాఫీ ఒలికినా మీరు నవ్వారని. ఆ తర్వాత మీ దగ్గర పనికి చేరినప్పుడు నాకు స్వర్గం దొరికినట్టే అనిపించింది. ఇవన్నీ ఎవరికైనా చెప్పి ఎన్నాళ్ళయిందో. ఇక్కడ నాతో మాట్లాడేవాళ్ళు "రెండువైపులా వెయ్యండి", "ఒకవైపే వెయ్యండి" అంటారు. ఆ రెండు మాటల మీదే రోజులు వెళ్ళిపోతున్నాయి.

పాత సంగతి ఎత్తొద్దన్నారు. ఎత్తుతున్నాను. ఏడో నంబరు పంపు. దాని బేరింగులకి సెన్సర్లు తగిలించి, మూడో ఛానెల్ మీద చూసి, 'వణుకు లేదు' అని రాసి సంతకం పెట్టింది నేను. పదకొండో రోజున ఆ బేరింగు పట్టేసింది, పైతొడుగు పగిలి ఆపరేటర్ కుడిచేతి వేళ్ళు అయిదూ పోయాయి. చూసే పని నాది, సరిగ్గా చూడలేదు. ఆమాట ఎవరూ అనకముందే నేనే అనుకుని షాపు నుంచి వెళ్ళిపోయాను. ఆ రోజు తెర మీద గీత ఎలా ఉందో గుర్తుతెచ్చుకోవాలని పద్ధెనిమిదేళ్ళుగా ప్రయత్నిస్తున్నాను. ఎన్నిసార్లు తలుచుకున్నా తిన్నగానే కనిపిస్తుంది. మనసు నన్ను వెనకేసుకొస్తోందేమో అని దాన్ని కూడా నమ్మను.

ఆ సెన్సర్ పెట్టె మీద ఒక అంకె రాసి ఉండేది. బేరింగు బాగుంటే రెండు మిల్లీవోల్టులు, చెడిపోతే పది పన్నెండు. నాకిప్పటికీ కంఠతా వచ్చు.

బావా, మీ డబ్బాలోంచి పన్నెండు మిల్లీవోల్టుల అల తీసి మూడో ఛానెల్‌కి పెట్టండి. ఏం కనిపిస్తుందో రాయండి. అదొక్కటే అడుగుతున్నాను.

మీ బామ్మర్ది

*

వర్క్‌షాపు నుంచి,
ఆగస్టు 8

చిరంజీవి బామ్మర్దికి,

ఆశీస్సులు. ఆలస్యమైంది. మోకాలు నొప్పి. టీచరమ్మ వచ్చి చీటీలు చూసి చాలా బాగున్నాయంది. ఆవిడ ఎక్కడో ఇదే రకం పెట్టె తాలూకు పుస్తకం సంపాదించి కాపీ తెచ్చిపెట్టింది. మూడూ నాలుగూ చీటీలు మాత్రమే మిగిలాయి, అవీ రాసేస్తాను.

గడిచిందేదో గడిచిపోయింది. నువ్వు చిన్నవాడివి, నీకింకా బోలెడు జీవితముంది. పాతవి తవ్వుకుంటే పురుగులు తప్ప ఏం రావు. వర్షాలు పడుతున్నాయి, గొడుగు తీసుకెళ్తూ ఉండు.

నీ బావ

*

జిరాక్స్ కొట్టు పైగది,
ఆగస్టు 17

బావగారికి,

నాకు యాభై దాటింది. చిన్నవాణ్ణి కాను.

గొడుగు ఉంది. నేనడిగింది గొడుగు గురించి కాదు.

*

వర్క్‌షాపు నుంచి,
సెప్టెంబరు 1

ఒరేయ్,

కనిపించదు.

నీ ఉత్తరం అందిన పూటే పెట్టి చూశాననుకోకు. నువ్వు అడక్కముందే, జూలైలోనే పెట్టి చూశాను. లేచి మంచినీళ్ళు తాగింది అందుకే. పన్నెండు మిల్లీవోల్టులంటే మూడో ఛానెల్ మీద గడిలో ఎనిమిదో వంతు. నా ఒకటో ఛానెల్ మీద అదే అల ఆరు గడుల ఎత్తున లేస్తుంది, గుడ్డివాడు కూడా చూస్తాడు. టీచరమ్మ తెచ్చిన పుస్తకంలో స్పష్టంగా ఉంది: ఆ రెండు ఆక్స్ సాకెట్లూ పెద్ద సంకేతం వచ్చిందా లేదా, ఎప్పుడొచ్చింది అని చూసుకోవడానికేనట. సన్నవి కొలవడానికి పనికిరావట. ఒక్క పేజీ. ఆ పేజీ మన దగ్గర లేదు. నువ్వు అడిగావు, ఎందుకు మూడే మెట్లని. నేను జోకు వేశాను.

పద్నాలుగు పంపులకి ఆరేళ్ళపాటు 'వణుకు లేదు' అని రాశాం. అన్ని పంపులూ బాగానే తిరిగాయి కాబట్టి మన రాత నిజమేననుకున్నాం. నిజానికి మనం ఏమీ చూడలేదురా. నీ కళ్ళు బాగానే ఉన్నాయి. వాటి ముందు నేను పనికిరాని అద్దం పెట్టాను. ఒక్కరోజు, ఒక్కసారి, ఒకటో ఛానెల్ నీకిచ్చి ఉంటే ఆ మనిషి చెయ్యి ఉండేది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఊరందరి పెట్టెలూ బాగుచేసినవాణ్ణి నా పెట్టె సంగతి తెలుసుకోలేకపోయాను.

ఇంతవరకే అయితే తెలియక చేసిన తప్పు అని సర్దుకోవచ్చు. జూలై నుంచి సర్దుకోవాలనే చూస్తున్నాను. ఇంకోటి ఉంది. అది నాకు జూలైలో తెలిసింది కాదు, మొదట్నుంచీ తెలుసు.

ఈ కవరులో ఒక కాగితం పెట్టాను. ఏడో నంబరు పంపు రిపోర్టు చిత్తుప్రతి. నీ చేతిరాత. మూడో ఛానెల్ ఎదురుగా 'వణుకు లేదు' అని రాసి పక్కన పెన్సిలుతో ఇంకో వాక్యం రాశావు: 'గీత కాస్త లావుగా ఉంది, మళ్ళీ చూడాలేమో.' నువ్వు చూశావురా. గడిలో ఎనిమిదో వంతు తేడాని ఆ తెర మీద పట్టుకున్నావు. దాని మీద అడ్డంగా కొట్టేసిన గీత నాది. "పాత తెరలో గీతలు లావెక్కుతాయి, వయసొస్తే మనుషుల్లాగే" అన్నాను. సాఫు ప్రతిలో ఆ వాక్యం లేదు. నువ్వు సంతకం పెట్టావు. నేనంటే నీకంత నమ్మకం, నేను కొట్టేసిన వాక్యాన్ని నువ్వు మరిచిపోయావు కూడా.

ప్రమాదం జరిగాక నీళ్ళ సంస్థవాళ్ళు వచ్చి అడిగినప్పుడు ఈ కాగితం నా సొరుగులోనే ఉంది. మీ అక్క ఒక్కసారే అడిగింది, "తప్పు వాడిదేనా?" అని. "సంతకం ఎవరిది?" అన్నాను. అది జవాబు కాదని ఆవిడకి తెలుసు. మళ్ళీ అడగలేదు. పదిహేనేళ్ళు నాకు వండిపెట్టింది, పక్కనే కూర్చుంది, ఆమాట మాత్రం అడగలేదు. ఎవరైనా నీ పేరెత్తితే గుమ్మడికాయల దొంగలా నేనే భుజాలు తడుముకునేవాణ్ణి. ఆవిడ పోయాక ఈ ఇంట్లో నన్ను అడక్కుండా ఊరుకునే మనిషి కూడా లేకుండా పోయింది. అప్పుడు తెలిసింది, నేను ఎంత ఒంటరివాణ్ణో.

బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. నువ్వు నా బతుకే కోరావు. నేను నా పేరు కోరుకున్నాను. క్షమించమని అడగను, ఆ హక్కు నాకు లేదు. కాగితం జాగ్రత్త చెయ్యి. ఎవరికి చూపించినా సరే.

బావ

*

జిరాక్స్ కొట్టు పైగది,
అక్టోబరు 10

బావా,

నెలపైన జవాబు రాయలేదు. మొదటివారం కోపం. మిమ్మల్ని నోటికొచ్చినట్టు తిడుతూ మూడు ఉత్తరాలు రాశాను, మూడూ చించేశాను. రెండోవారం ఆ కాగితాన్ని పెద్దదిగా జిరాక్స్ తీశాను. నా పెన్సిలు అక్షరాలు బొటనవేలంత కనిపించాయి. నేను ఇలా రాసేవాణ్ణా అనుకుని చాలాసేపు చూశాను. అప్పుడు ఏడుపొచ్చింది. కొట్టులో ముగ్గురు మనుషులున్నారు, దుమ్ము పడిందని చెప్పాను.

ఇక నేను దాచింది చెప్తాను. మీరొక్కరే దాచారనుకోకండి.

ప్రమాదం జరిగిన మూడు నెలలకి నేను ఆ ఆపరేటర్ ఇంటికి వెళ్ళాను. కాళ్ళ మీద పడదామని. ఆయన తలుపు తీసి, నేనెవరో విని, లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. తిట్టలేదు. నేను ఏదేదో అన్నాను. అంతా విని, "నా గోళ్ళు తీస్తావా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఎడమచెయ్యి చాచాడు. కుడిచేతికి వేళ్ళు లేవు, ఎడమచేతి గోళ్ళు ఎవరు తీస్తారు? వచ్చినవాళ్ళందరూ పళ్ళు తెచ్చిపెట్టి, అయ్యో అని వెళ్ళారు. గోళ్ళ సంగతి ఎవరికీ తట్టలేదు, అడగడానికి ఆయనకి సిగ్గేసింది. నన్ను అడగడానికి మాత్రం సిగ్గుపడలేదు. తప్పు చేసినవాడి దగ్గర సిగ్గేమిటి?

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం పొద్దున్న వెళ్తాను. సైకిళ్ళ కొట్టు వెనక చిన్న గది ఆయనది, ఒక్కడే ఉంటాడు. అయిదు గోళ్ళు తీస్తాను, పేపరు చదువుతాను, ఆయన టీ పెడితే తాగి వస్తాను. పద్ధెనిమిదేళ్ళు. అక్కకి కూడా చెప్పలేదు. మేం పెద్దగా మాట్లాడుకోం. కానీ వారమంతా నేను ఎదురుచూసేది ఆ గంటన్నర కోసమే.

మీ ఉత్తరం వచ్చాక మూడు ఆదివారాలు వెళ్ళలేదు. ఏ మొహంతో వెళ్ళను? ఇన్నాళ్ళూ తప్పు చేసినవాడిగా వెళ్ళాను. ఇప్పుడు నేనెవర్ని? నేను నిర్దోషినని మీరు రాశారు. సంతోషంగా ఉండాలి కదా. ఉద్యోగం పోయినవాడిలా గదిలో కూర్చున్నాను.

మొన్న ఆదివారం వెళ్ళాను. మీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. లావుగా ఉన్న గీత గురించిన ముక్క మళ్ళీ చదవమన్నాడు. చదివాను. కాగితం చూపించాను, కొట్టేసిన గీత మీద వేలుపెట్టి చూశాడు.

"అయితే తప్పు నీది కాదన్నమాట."

"కాదట."

ఆయన లేచి టీ పెట్టుకోవడానికి వెళ్ళి, పెట్టకుండానే తిరిగొచ్చాడు.

"మరి ఇంక రావా?"

బావా, ఇన్నేళ్ళలో ఆ గొంతు నేను వినలేదు. "వస్తాను" అన్నాను.

"ఎందుకు?" అన్నాడు.

గోళ్ళు బాగా పెరిగి ఉన్నాయి. కత్తెర తీసి చెయ్యి ఇమ్మన్నాను. "నీకేం పట్టిందిలే" అని ఆ చెయ్యి ఒళ్ళో దాచుకున్నాడు. నేను కాసేపు కూర్చుని వచ్చేశాను.

మీరు నాకు మేలే చేశారు, తెలుసు. దీన్నేం చేసుకోవాలో మాత్రం తెలీడం లేదు.

మీ బామ్మర్ది

*

వర్క్‌షాపు నుంచి,
అక్టోబరు 16

ఒరేయ్ పిచ్చివాడా,

పద్ధెనిమిదేళ్ళు! నేను సొరుగు తాళం వేసుకుని కూర్చుంటే నువ్వు వెళ్ళి గోళ్ళు తీశావు.

నాకు నీకు సలహా ఇచ్చే అర్హత లేదు. అయినా బావని, ఇస్తాను. ఆయన "ఎందుకు" అని అడిగాడు కదా? ఉన్న జవాబు చెప్పు. "నాకు ఆదివారం వెళ్ళడానికి వేరే ఇల్లు లేదు. నువ్వు తప్ప నాకెవరూ లేరు" అని చెప్పు. మనిద్దరం ఒకటే జాతి, గొంతు కోసినా ఆ మాట రాదు. నాకు రాలేదు. మీ అక్క ఆస్పత్రిలో నా వైపు చూస్తూ పడుకుంది, ఆ మాట ఒక్కటి వినాలని. నేను మందుల చీటీ చదివి వినిపించాను.

వెళ్ళు. ఈ ఆదివారమే వెళ్ళు. నేను వచ్చి ఆయన ముందు నిలబడతానని చెప్పు. ఏ శిక్షైనా సరే.

నీ బావ

*

జిరాక్స్ కొట్టు పైగది,
అక్టోబరు 27

బావా,

చెప్పాను. మీరు రాసిన మాటే. చెప్పేటప్పుడు ఆయన మొహం చూడలేక గోడకున్న క్యాలెండరు చూస్తూ చెప్పాను.

"నీకెవరో ఉన్నారనుకున్నాను. ఇన్నాళ్ళూ నీ ఆదివారాలు పాడుచేస్తున్నానని బాధపడ్డాను" అన్నాడు. ఒళ్ళోంచి చెయ్యి తీసి నా మోకాలి మీద పెట్టాడు. బొటనవేలి గోరు విరిగి ఉంది, తనే దేనికో రుద్దుకుని తీసుకోబోయాడట. నెమ్మదిగా తీశాను.

మీరు వస్తానన్నారని చెప్పాను. వద్దనలేదు, రమ్మనీ అనలేదు. "ఆయన నీకు రాసిన ఉత్తరం నీది. పోయిన వేళ్ళు నావి. నాకు వేరే రాయాలి. రాస్తే అప్పుడు చూద్దాం" అన్నాడు. నేను చదివి పెడతానంటే ఒప్పుకోలేదు. తనకి చదువొచ్చట, తన ఉత్తరం తనే చదువుకుంటాడట.

ఆయనకి ఉత్తరం వచ్చి ఎన్నేళ్ళయిందో తెలీదు. చిరునామా వెనకవైపు రాశాను.

మీ బామ్మర్ది